బడిని మరచిన డిగ్రీ

మన హైస్కూళ్లలో ఫిజిక్స్‌కు ఒకరు, కెమిస్ట్రీకి ఒకరు ఉండరు. ఎనిమిది నుంచి పదో తరగతి దాకా రెండూ కలిసి ఫిజికల్ సైన్స్. చెప్పేది ఒక్క టీచరే. సోమవారం కటకాల పటాలు గీసిన చెయ్యే మంగళవారం రసాయన సమీకరణాలను తుల్యం చేయిస్తుంది. పాత ఎంపీసీ బీఎస్సీ ఇందుకు సరిగ్గా సరిపోయేది. అందులో మూడు సబ్జెక్టులకూ సమాన పీట.

ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో వచ్చిన సింగిల్ మేజర్ విధానం ఈ జతను విడదీసింది. మొదటి సెమిస్టర్‌లో ఉమ్మడి పేపర్లు, ఆ తర్వాత ఒక మేజర్, ఒక మైనర్. ఫిజిక్స్ మేజర్‌తో కంప్యూటర్స్ మైనర్ తీసుకున్న అమ్మాయికి ఆపైన కెమిస్ట్రీతో పెద్దగా పనే ఉండదు. రేపు బడిలో ఆమె దాన్ని ఏ బలంతో చెప్పాలి?

మార్పు వద్దని ఫిజిక్స్ లెక్చరర్‌గా నేను అనను. 2022-23 పీఎల్‌ఎఫ్‌ఎస్ సర్వేలో పట్టభద్రుల నిరుద్యోగం దేశంలో 13.4 శాతం, మన రాష్ట్రంలో 24 శాతం. ఈ అంకెలు చూశాక పాత సిలబస్‌నే పట్టుకు వేలాడమని ఎవరు చెప్పగలరు? నా భయమల్లా పిల్లలు చివరికి ఎక్కడ తేలుతున్నారో చూడకుండా మారుస్తున్నందుకే.

2015-16లో సీబీసీఎస్ (ఛాయిస్ బేస్డ్ క్రెడిట్ సిస్టమ్) వచ్చింది. 2020-21లో పది నెలల ఇంటర్న్‌షిప్ చేరింది. ఆ ఏడాది చేరిన బ్యాచ్ 2023లో బయటికొచ్చింది. ఇంటర్న్‌షిప్ వాళ్లకు ఎంత అక్కరకొచ్చిందో తేలకముందే, అదే ఏడాది మరో విధానం మొదలైంది. చదువును పరిశ్రమకు దగ్గర చేయాలంటాం. పరిశ్రమ అనగానే మనకు సాఫ్ట్‌వేర్ కంపెనీయే తోస్తుంది. డీఎస్సీ కోసం ఏళ్ల తరబడి చదివే పిల్లలకు మాత్రం బడే పరిశ్రమ.

2023లో చేరినవారికి 2026తో మూడేళ్లు నిండుతాయి. మరో రెండేళ్లు బీఈడీ. అంటే 2028కి వాళ్లు బడి గుమ్మంలో ఉంటారు. ఇకముందు విధానం మళ్లీ మారినా, ఈ పిల్లల మార్కుల జాబితా మారదు. వాళ్లకు ఇప్పుడే కెమిస్ట్రీ బ్రిడ్జి పేపర్లు పెట్టాలి, ల్యాబ్‌తో సహా. కొత్త సిలబస్ రాసే బల్ల దగ్గర కంపెనీ ప్రతినిధి పక్కన ఒక హైస్కూల్ హెడ్మాస్టరుకూ కుర్చీ వేయాలి. ఒక బ్యాచ్ పూర్తిగా బయటికొచ్చి, ఎవరు ఎక్కడ స్థిరపడ్డారో లెక్క తేలేదాకా మరో మార్పు జోలికి పోకూడదు.

ఆలస్యమైతే ఆ లోటు డిగ్రీ ఫలితాల్లో కనిపించదు. పదో తరగతి పిల్ల అడిగిన సందేహానికి టీచర్ తడబడినప్పుడు కనిపిస్తుంది.