మా సంచులు సరే, మీ రిజిస్టర్లు ఎప్పుడు తెరుస్తారు?

చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆగితే ముందు దించేది మన పిల్లల్నే. సంచి విప్పు, జేబు చూపించు, ఏ ఊరు, ఎక్కడికి? ఏజెన్సీ కుర్రాడంటే చాలు, గంజాయి మూట మోస్తున్నట్టే చూస్తారు. సరే, వెతుక్కోండి. కానీ అదే రోడ్డు మీద ఉన్న మందుల షాపులో చీటీ అడక్కుండా ట్రమడాల్ అట్టలు అమ్ముతుంటే అక్కడికి ఎవరూ ఎందుకు వెళ్లరు?

ట్రమడాల్ మామూలు నొప్పి బిళ్ల కాదు, నల్లమందులా పనిచేసే మందు. 2018లో దీన్ని ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి తెచ్చారు. అంటే గంజాయికి ఏ చట్టమో దీనికీ అదే. హెచ్1 షెడ్యూల్లో కూడా ఉంది. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదు. ఇచ్చిన ప్రతిసారీ డాక్టరు పేరు, రోగి పేరు, మందు ఎంత ఇచ్చారో షాపువాడు విడిగా రిజిస్టర్లో రాయాలి, ఆ రిజిస్టర్ మూడేళ్లు దాచాలి. కొడీన్ ఉన్న దగ్గు సిరప్‌కీ ఇదే రూలు.

"మీవాళ్లకి మత్తు సరదా" అంటారు కొందరు ఆఫీసర్లు. సరదా ఎక్కడుంది సార్? పొద్దంతా కొండ మీద మూటలు మోసినవాడికి నడుం నొప్పి. పీహెచ్‌సీకి పోతే ఆ రోజు కూలి పోతుంది, తీరా వెళ్తే డాక్టరు ఉంటాడో లేదో. సంతలో కూర్చున్నాయన పేరు కూడా చెప్పకుండా కాగితంలో నాలుగు బిళ్లలు చుట్టిస్తాడు. నొప్పి పోతుంది. కొన్నాళ్లకి ఒకటి చాలదు, రెండు. మానేస్తే ఒళ్లు నొప్పులు, చెమటలు, విరేచనాలు, నిద్ర ఉండదు. జ్వరమేమో అనుకుని మళ్లీ అదే బిళ్ల వేసుకుంటాడు. ఇది సరదానా?

మనవాళ్లకీ ఒక మాట. ఈ బిళ్ల ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి. సారాతో కలిస్తే ఊపిరి మందగించి నిద్రలోనే ప్రాణం పోవచ్చు. గాలి సోకిందని ఇంట్లో కూర్చోబెట్టకండి, 108కి ఫోన్ చేయండి. అలవాటైన పిల్లాణ్ణి కొట్టి గదిలో పెట్టి తాళం వేయకండి. డాక్టరు చూస్తూ తగ్గించాల్సిన మందు ఇది. 14446కి ఫోన్ చేస్తే దారి చెప్తారు, డబ్బులు పడవు. వాడకం కేసుల్లో ఇరుక్కున్నవాడు తనంతట తాను వైద్యానికి వస్తే ఎన్‌డీపీఎస్ 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. ఈ సంగతి స్టేషన్లో ఎవరూ చెప్పరు.

క్యాన్సర్ నొప్పితో ఉన్న పెద్దమ్మకి మందు ఆపమని ఎవరూ అనట్లేదు. ఆమెకి చీటీ ఉంటుంది, రిజిస్టర్లో పేరు ఉంటుంది. మనం అడిగేది అదే.

అడిగే హక్కు మనకుంది. 1996 పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకం, వాడకం అదుపు చేసే అధికారం గ్రామసభకీ పంచాయతీకీ ఇచ్చింది. మనం దాన్ని సారా దగ్గరే ఆపేశాం. చట్టంలో సారా అని లేదు, ఏ మత్తు పదార్థమైనా అని ఉంది.

వచ్చే గ్రామసభలో తీర్మానం పెట్టండి. మన సంత చుట్టూ ఉన్న మందుల షాపుల హెచ్1 రిజిస్టర్లు డ్రగ్ ఇన్‌స్పెక్టర్ తనిఖీ చేయాలి, ఏం తేలిందో సభకి చెప్పాలి. సంత రోజు పీహెచ్‌సీలో డాక్టరు ఉండాలి. ఈ రెండూ ఒకే కాగితంలో రాయండి, రెండోది లేకుండా మొదటిది నిలవదు. ఒక కాపీ ఐటీడీఏ పీవోకి, ఒకటి డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు రసీదు మీద తేదీ, స్టాంపు వేయించుకోండి.