ఖతరా కాస్తా మాల్ అయిపోతే

‘డోంట్ లుక్ అప్’ ఫిలిం గురించి మనవాళ్ళ నోట వినే మాట ఒకటే. అమెరికా హుకూమత్‌ని భలే మజాక్ చేశారని. నాకు ఆ మాట దగ్గరే ఏతరాజ్. ఆ మజాక్ వాళ్ళ ఒక్కళ్ళదే అనుకుంటే ఫిలిం సగమే చూసినట్టు.

ఆడమ్ మెకే ఈ కథ రాసుకున్నది కరోనాకి ముందు. ఆయన ఫిక్ర్ అంతా భూమి వేడెక్కడం గురించి. షూటింగ్ మొదలయ్యేలోపే వబా వచ్చిపడింది. 2021 డిసెంబర్‌లో ఫిలిం వచ్చేసరికి చాలామంది దాన్ని కరోనా కథ అనే చూశారు.

కిస్సా ముఖ్తసర్‌గా చెప్తాను. ఒక తోకచుక్క ఆరు నెలల్లో భూమిని ఢీకొట్టబోతోందని ఇద్దరు సైంటిస్టులు కనిపెడతారు. 99.78 శాతం ఖాయం అంటారు. సదర్ సాహెబా (మెరిల్ స్ట్రీప్) 70 అనుకుందాం లెమ్మని కూరగాయల బేరంలాగా తగ్గించేస్తుంది. టీవీవాళ్ళకి ఖబర్ కావాలి, కానీ నవ్వుతూ చెప్పాలి. ఇదంతా అందరూ మాట్లాడుకున్నదే. నేను ఆగిపోయింది ఇంకో చోట. తోకచుక్కని పేల్చడానికి రాకెట్లు లేస్తాయి, లేచినవి సగం దారిలో వెనక్కి తిరుగుతాయి. ఎందుకంటే ఆ రాయిలో ఖరీదైన ఖనిజాలున్నాయని ఒక ఫోన్ల కంపెనీ మాలిక్ లెక్క తేల్చాడు. ఆ క్షణం నుంచి అది ఖతరా కాదు, మాల్. నౌకరీలొస్తాయని జనం కూడా ఆశపడతారు. ఇక ఏ సైంటిస్టు మాటా చెల్లదు.

ఈ రకం తంజ్ కొత్తదేం కాదు. 1964లో స్టాన్లీ కుబ్రిక్ తీసిన ‘డాక్టర్ స్ట్రేంజ్‌లవ్’ ఆటంబాంబు మీద. దాని మూలం ‘రెడ్ అలర్ట్’ అనే సంజీదా నవల. కుబ్రిక్ కూడా సంజీదాగానే మొదలుపెట్టాడు. రాస్తూ పోతుంటే నిజంగా జరగగల సంగతులే నవ్వు తెప్పిస్తుంటే దారి మార్చుకున్నాడు. క్యూబా గొడవ జరిగి అప్పటికి రెండేళ్ళు కూడా కాలేదు. అంటే తంజ్ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, ఫైళ్ళు వరసగా చదివితే చాలు.

మన హైదరాబాద్ ఫైళ్ళు చదవండి. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. బుజుర్గులు తుగ్యానీ అని చెప్పేది దాని గురించే. వేలమంది పోయారు. అమ్జద్ హైదరాబాదీ సాహెబ్ తల్లినీ, భార్యనీ, కూతురినీ ఆ నీళ్ళలోనే పోగొట్టుకున్నారు. తర్వాత విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. 1920కి ఉస్మాన్ సాగర్, 1927కి హిమాయత్ సాగర్ తయారయ్యాయి. ఆ జమానా అంతా జన్నత్ అని నేను చెప్పడం లేదు. ఈ ఒక్క విషయంలో మాత్రం వాళ్ళు తల ఎత్తి చూశారు.

2000 ఆగస్టులో షహర్ మళ్ళీ మునిగింది. కిర్లోస్కర్ కమిటీ వేశారు. నాలాలు వెడల్పు చేయాలనీ, వాటి మీద కబ్జాలు తీయాలనీ 2003లో రిపోర్టొచ్చింది. రిపోర్టు రిపోర్టులాగే ఉండిపోయింది. 2020 అక్టోబర్‌లో పల్లెచెరువు నీళ్ళు అలీ నగర్, అల్ జుబైల్ కాలనీల మీద పడ్డాయి. కొద్ది రోజులకే గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్ బాబా నగర్ మునిగింది.

నీళ్ళు తీశాక ఆ గల్లీల్లో తిరిగాను. ఒక చాచా మిద్దె మీద నోటరీ కాగితాలు ఆరబెట్టుకుంటున్నాడు. కొడుకు పంపిన రియాళ్ళు, ఇంట్లో ఆడవాళ్ళ జేవర్, అంతా ఆ వంద గజాల్లోనే ఉంది. అది చెరువు శిఖం అని తెలుసా అని అడిగాను. “మాలూమ్ థా బేటా. ఆ రేటుకి ఇంకెక్కడ ఇస్తారు?” అన్నాడు.

నా నజర్‌లో ఆ ఫిలిం నాఇన్సాఫీ చేసింది ఇక్కడే. తల ఎత్తనివాళ్ళందర్నీ జాహిల్ కింద జమ కట్టింది. చాచా జాహిల్ కాదు. ఆయనకి నీళ్ళ ఖౌఫ్ కంటే కిరాయి ఖౌఫ్ పెద్దది. చెరువుని గజాల లెక్కన కోసి అమ్మినవాడున్నాడే, ఆ ఫోన్ల కంపెనీ మాలిక్‌కి తమ్ముడు వాడు. ఎండాకాలంలో ప్లాటు చూపించి, వానాకాలంలో ఫోనెత్తడు. వాడి మీద తంజ్ తీసేవాళ్ళు ఇంకా పుట్టలేదు. వాడు మన మొహల్లాలోనే ఉంటాడు, మన దావతుల్లో ముందు వరసలో కూర్చుంటాడు, మనం లేచి సలాం చేస్తాం.

ఇంకొక్క కాగితం. రెండు పెద్ద తాలాబుల చుట్టూ 84 ఊళ్ళలో కాలనీలూ ఫ్యాక్టరీలూ రాకుండా 1996లో జీవో 111 ఇచ్చారు. 2022 ఏప్రిల్‌లో, అంటే ఫిలిం వచ్చిన నాలుగు నెలలకి, జీవో 69తో ఆ అడ్డు తీసేశారు. చెప్పిన సబబు ఏమిటంటే, షహర్ నీటి అవసరంలో ఆ తాలాబుల వాటా 1.25 శాతం కూడా లేదని. లెక్క సరైనదే కావచ్చు. కానీ తాలాబులు కట్టించింది తాగునీళ్ళ కోసం మాత్రమే కాదు, తుగ్యానీ మళ్ళీ రాకూడదని. ఆ లెక్క ఎన్ని శాతమో ఎవరైనా అడిగారా?