పసిబిడ్డ కంటిలో తెల్లని మెరుపు



సెల్‌ఫోను వెనుక, కెమెరా అద్దం పక్కన, బియ్యపు గింజంత పసుపుపచ్చని చుక్క ఒకటి ఉంటుంది. మనమంతా దాన్ని టార్చిలైటు అంటాము. భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్ళినా, ఇటు ములకలపల్లి, గుండాల అడవులలోకి వెళ్ళినా, రాత్రి దారిలో పాము ఉందేమో చూసుకోవడానికీ, కరెంటు పోయినప్పుడు పిల్లలకు అన్నం పెట్టడానికీ ఆ చుక్కే ఆధారం. కాని కంపెనీ వాళ్ళు దాన్ని అక్కడ పెట్టింది ఫోటోల కోసం. దాని అసలు పేరు ఎల్.ఇ.డి. ఫ్లాష్. ఈ నెల దాని గురించి రాయడానికి కారణం మాత్రం ఫోటోలు కాదు, పసిపిల్లల కళ్ళు. అయితే ఆ చిన్న దీపం ఎలా వెలుగుతుందో ముందు కొంచెం తెలుసుకుంటే తరువాతి సంగతి సులువుగా అర్థమవుతుంది.

పూర్వం పెళ్ళిళ్ళకు ఖమ్మం నుండో కొత్తగూడెం నుండో స్టూడియోవారు తెచ్చే పెద్ద ఫ్లాష్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒక ఫోటో తీశాక 'కుయ్' మని సన్నగా చప్పుడు చేసేది. లోపల ఉన్న కెపాసిటర్‌లోకి దాదాపు 300 వోల్టుల వరకు విద్యుత్తు నిండుతున్నప్పటి చప్పుడు అది. ఆ విద్యుత్తు జినాన్ వాయువు నింపిన గాజు గొట్టంలోకి ఒక్క ఊపున దూకితే, సెకనులో వెయ్యోవంతు లోపే పందిరంతా వెలిగి ఆరిపోయేది. అంత సామగ్రి సన్నని ఫోనులో పట్టదు. 2007లో వచ్చిన నోకియా ఎన్82, 2013లో వచ్చిన లూమియా 1020 వంటి కొన్ని ఫోన్లలో జినాన్ ఫ్లాష్ అమర్చి చూశారు గాని ఆ పద్ధతి నిలువలేదు. ఫోను పలచగా ఉండాలని కొనేవారు కోరుకున్నారు. జినాన్ స్థానాన్ని ఎల్.ఇ.డి. ఆక్రమించింది.

ఎల్.ఇ.డి.లో గాజు గొట్టం లేదు, తీగ లేదు. సుమారు ఒక మిల్లీమీటరు ముక్క, అంతే. విచిత్రమేమిటంటే ఆ ముక్క నుండి వచ్చేది నీలి కాంతి. దానిమీద పూసిన పసుపుపచ్చని పదార్థం ఆ నీలికాంతిలో కొంత భాగాన్ని పసుపు కాంతిగా మారుస్తుంది. రెండూ కలిసి మన కంటికి తెల్లగా కనిపిస్తాయి. ఆరిపోయి ఉన్నప్పుడు చుక్క పసుపుగా కనబడేది ఆ పూత వల్లనే. ప్రకాశవంతమైన నీలి ఎల్.ఇ.డి.ని సాధించినందుకు అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

దీనికి మూడు వోల్టుల చిల్లర చాలు. టార్చిగా వెలిగేటప్పుడు కొద్దిపాటి కరెంటే తీసుకుంటుంది. ఫోటో తీసే క్షణంలో మాత్రం అనేక రెట్లు, దాదాపు ఒక ఆంపియరు దాకా, లాగుతుంది. అదే పనిగా అంత లాగితే వేడికి పాడైపోతుంది కాబట్టి సెకనులో కొద్ది భాగం మాత్రమే వెలిగి ఆగిపోతుంది. బ్యాటరీ బాగా తగ్గినప్పుడు ఫోను ఫ్లాష్ వెయ్యనని మొరాయిస్తుందే, కారణం ఇదే. దానికి రిపేరు అక్కరలేదు, ఛార్జింగ్ పెడితే చాలు.

దీని బలం కూడా కొద్దిదే. మీటరు దూరంలో పడే వెలుగు రెండు మీటర్లకు వెళ్ళేసరికి నాలుగో వంతు అవుతుంది, మూడు మీటర్లకు తొమ్మిదో వంతు. క్రిస్మస్ రాత్రి ఆరాధనలో వెనుక బెంచీలలో కూర్చుని వేదికమీద పాడే పిల్లలను ఫ్లాష్ వేసి తీసేవారు ఈ మాట గమనించాలి. ఆ వెలుగు ముందు వరుసలవారి తలలమీదనే ఆగిపోతుంది, వాళ్ళకు చిరాకు తప్ప మీకు దక్కేదేమీ ఉండదు. దగ్గరగా ఉన్న ఒక ముఖాన్ని వెలిగించడమే ఈ దీపానికి చేతనైన పని. మనకు కావలసిందీ అదే.

ఇక కంటి సంగతి. ఫ్లాష్ ఫోటోలలో మనుషుల కంటిపాపలు ఎర్రగా కనిపించడం మీరు చూసే ఉంటారు. వెలుగు కంటిపాప గుండా లోపలికి వెళ్ళి, వెనుక రక్తనాళాలు నిండిన పొరలను తాకి, వచ్చిన దారినే తిరిగి వస్తుంది. ఫ్లాష్ కెమెరా అద్దానికి దూరంగా ఉంటే ఆ తిరుగు వెలుగు అద్దంలో పడదు. స్టూడియోవారు ఫ్లాష్‌ను ఒక కడ్డీకి బిగించి పక్కకు పట్టుకోవడానికి అదీ ఒక కారణం. ఫోనులో చోటు లేక దీపాన్ని అద్దాన్ని ఆనుకొనే పెట్టారు. అందువల్ల తిరుగు వెలుగు నేరుగా అద్దంలోకే వస్తుంది. ఫోటోగ్రాఫర్లు దీన్ని లోపమని తిట్టుకున్నారు. వైద్యులు మాత్రం పసిబిడ్డ కన్ను చూసేటప్పుడు తమ పరికరంతో ఈ ఎరుపు కోసమే వెదుకుతారు. మన నల్లని కళ్ళలో అది కొంచెం ముదురుగా, ఇటుక రంగులో ఉండవచ్చు. ఎలా ఉన్నా రెండు కళ్ళలోనూ ఒకేలా ఉండాలి.

ఒక కంటిలో ఎరుపు, రెండో కంటిలో తెలుపు లేదా పాలిన పసుపు రంగు కనిపిస్తే ఆ వెలుగుకు లోపల ఏదో అడ్డుపడుతున్నదేమో చూడాలి. అది పుట్టుకతో వచ్చిన శుక్లం కావచ్చు, రెటీనా ఊడివచ్చి ఉండవచ్చు. అన్నిటికంటె భయపడవలసినది రెటినోబ్లాస్టోమా, అంటే రెటీనాలో పుట్టే క్యాన్సరు గడ్డ. ఇది దాదాపు ఐదేళ్ళలోపు పిల్లలకే వస్తుంది. సుమారు 15,000 నుండి 20,000 జననాలలో ఒకరికి కనిపించే జబ్బు, కాబట్టి అరుదే. అయినా మన దేశంలో పుట్టే బిడ్డల సంఖ్య పెద్దది గనుక ఏటా వెయ్యికి పైగా కుటుంబాలు దీన్ని ఎదుర్కొంటున్నాయి. గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడు దొరికితే లేజరుతో, గడ్డకట్టించే చికిత్సతో, మందులతో కన్నును కాపాడవచ్చు. పెరిగిపోతే కన్ను తీసివేసి ప్రాణాన్ని నిలుపుతారు. కంటిని దాటి మెదడువైపు పాకితే ప్రాణం నిలపడం కష్టమవుతుంది. ఈ మూడు దశల మధ్య దూరం చాలాసార్లు కొన్ని నెలలే.

అమెరికాలో బేలర్ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చెప్పే బ్రయన్ షా గారి కుమారునికి 2008లో, నెలల పసివాడుగా ఉన్నప్పుడు, ఈ జబ్బు బయటపడింది. ఫోటోలలో తెల్లని మెరుపు చూసి అనుమానించినది తల్లి. బాబుకు ఒక కన్ను తీసివేయవలసి వచ్చింది. తరువాత తండ్రి ఇంట్లో ఉన్న ఫోటోలన్నీ తిరగేస్తే, బిడ్డకు 12 రోజుల వయసప్పటి ఫోటోలోనే ఆ తెలుపు కనిపించింది. ఆయన తోటివారితో కలిసి అటువంటి మెరుపును ఫోటోలలో వెదికే ఒక ఫోను ప్రోగ్రాము తయారుచేశారు. 2019లో ప్రచురించిన వారి పరిశోధనలో 40 మంది పిల్లల ఫోటోలు యాభై వేలకు పైగా పరీక్షించారు. జబ్బు ఉన్న 20 మందిలో 16 మందికి, డాక్టరు జబ్బును నిర్ధారించడానికి సగటున 1.3 సంవత్సరాల ముందే, ఇంట్లో తీసిన మామూలు ఫోటోలలో తెలుపు పడి ఉంది. ఏడాది దాటిన కాలం ఆ సాక్ష్యం ఇంట్లోనే ఉంది, ఎవరూ దాన్ని గుర్తించలేదు.

మన అడవి అంచు ఊళ్ళలో ఈ ఆలస్యానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి. మొదటిది మాటల గందరగోళం. బిడ్డ కన్ను చీకట్లో మెరిస్తే "పిల్లికళ్ళు" అని మురిసిపోతారు. పిల్లికళ్ళంటే కంటిపాప చుట్టూ ఉండే వలయం లేత రంగులో ఉండడం. ఆ రంగు పుట్టుకతో వచ్చినది, రోగం కాదు. తెల్లబడినది నడుమనున్న పాప అయితే మాత్రం అది వేరు. కొందరు "కంట్లో పువ్వు" అంటారు. పువ్వు కంటి పైపొరమీద ఏర్పడే మచ్చ, పగటివేళ మామూలు చూపుకే తెలుస్తుంది. మనం చెప్పుకునే తెలుపు లోపలిది, వెలుగు ఒక కోణంలో పడినప్పుడే మెరుస్తుంది. ఇక మెల్లకన్ను అదృష్టమనే మాట సరేసరి. ఈ జబ్బుకు తెల్లని పాప తరువాత ఎక్కువగా కనిపించే గుర్తు మెల్లకన్నే. అదృష్టమని ఇరుగుపొరుగు అమ్మలక్కలు ఎంత చెప్పినా, పసిబిడ్డకు మెల్ల కొత్తగా వచ్చిందంటే డాక్టరుకు చూపించవలసిందే. ఆకు పసరు పిండడం, చనుబాలు వెయ్యడం వంటివాటి గురించి నేను కొంచెం గట్టిగానే చెబుతాను. లోపలి గడ్డను అవి తాకనైనా తాకవు, పైగా కన్ను ఎర్రబడి అసలు గుర్తు మరుగున పడుతుంది.

రెండోది దూరం, పని. తునికాకు రోజులలో తెల్లవారకముందే తల్లులు అడవికి పోతారు, బిడ్డను అవ్వ దగ్గర వదిలి. బిడ్డ ముఖాన్ని వెలుగులో తీరికగా చూసే సమయం దొరకదు. ప్రభుత్వం 2018లో మొదలుపెట్టిన కంటి వెలుగు కార్యక్రమం రెండో విడత 2023 జనవరి 18న మన ఖమ్మంలోనే ఆరంభమైంది. ఎందరికో కళ్ళజోళ్ళు వచ్చాయి. కాని అది ముఖ్యంగా చూపు తగ్గిన పెద్దలకు ఉపయోగపడిన పని. ఆరు నెలల బిడ్డ తనకు కనబడటం లేదని శిబిరానికి వచ్చి చెప్పలేదు కదా! ఆ బిడ్డ కంటిలోకి తొంగిచూడగల దీపం ఈనాడు కోయగుంపుల్లోనూ, లంబాడా తండాల్లోనూ ఎవరో ఒకరి జేబులో ఉంది. దానికి సిగ్నల్ కూడా అవసరం లేదు.

అయితే దాన్ని వాడే తీరు తెలియాలి. కొత్త ఫోన్లు చీకటిలో కూడా ఫ్లాష్ లేకుండానే ఫోటో తీసేస్తున్నాయి. ఫ్లాష్‌ను 'ఆటో'లో వదిలితే అది వెలగకపోవచ్చు, కనుక 'ఆన్'లో పెట్టండి. ముఖాన్ని నునుపుచేసే బ్యూటీ వంటివీ, కంటి ఎరుపును దిద్దే రెడ్ ఐ వంటివీ ఉంటే తీసివేయండి. అవి ఫోటోను అందంగా చేస్తాయి గాని మనం వెదికే గుర్తును తుడిచేస్తాయి. ఫోను వెనుక కెమెరాతోనే తీయాలి. చాలా ఫోన్లకు సెల్ఫీవైపు ఫ్లాష్ ఉండదు, తెర తెల్లబడి ఊరుకుంటుంది. సాయంత్రం దీపం తగ్గించిన గదిలో కంటిపాప పెద్దదవుతుంది, అది మంచి సమయం. బిడ్డను తల్లి ఒడిలో కూర్చోబెట్టి, ఒకటి రెండు మీటర్ల దూరం నుండి, బిడ్డ కెమెరావైపే చూస్తున్నప్పుడు మూడు నాలుగు ఫోటోలు తీయండి. టార్చి వెలిగించి కంటికి జానెడు దూరంలో పట్టుకొని చూడడం మాత్రం వద్దు. అలా చూస్తే మీకేమీ కనబడదు, బిడ్డకు బాధ మిగులుతుంది.

తెలుపు కనబడగానే హడలిపోనక్కరలేదు. బిడ్డ కొంచెం ముక్కువైపు చూస్తున్నప్పుడు, కంటి నరం మొదలయ్యే తెల్లని చోటునుండి వెలుగు తిరిగి వచ్చి ఆరోగ్యమైన కన్ను కూడా తెల్లగా పడవచ్చు. అది రోగమా కాదా అన్నది డాక్టరు తేల్చవలసిన విషయం, మనం కాదు, ఆశా కార్యకర్త కాదు, ఫోను ప్రోగ్రామూ కాదు. అలాగే ఫోటోలో తెలుపు లేదని నిశ్చింతగా ఉండడమూ తగదు. పక్కకు ఉన్న చిన్న గడ్డ ఫోటోకు చిక్కకపోవచ్చు. ఈ జబ్బు కుటుంబంలో ఎవరికైనా వచ్చి ఉంటే, ఫోటోతో పని లేకుండా, పుట్టిన ప్రతి బిడ్డనూ మొదటి వారాలలోనే కంటి డాక్టరుకు చూపించాలి.

భద్రాచలం ప్రాంతంవారికి దగ్గరలో పాల్వంచలో, ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థతో కలిసి నడిచే నవభారత్ కంటి కేంద్రం ఉంది. జబ్బు అనుమానిస్తే హైదరాబాదు పంపవలసి ఉంటుంది. బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ సంస్థలో కంటి క్యాన్సరుకు ప్రత్యేక విభాగం ఉంది, డబ్బు లేనివారినీ చూస్తారు. ప్రభుత్వ పక్షాన మెహదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది. ఆరోగ్యశ్రీ కార్డు, ఆధార్ వెంట ఉంచుకోండి. కన్ను తీయాలన్న మాట వింటే తల్లిదండ్రుల గుండె చెరువవుతుంది. ఇంకో ఊరు, ఇంకో వైద్యుడు అంటూ తిరిగేవారు ఉన్నారు. వేరొక పెద్ద ఆసుపత్రిలో రెండో అభిప్రాయం అడగడం తప్పు కాదు, కాని అది వారంలోగా జరిగిపోవాలి. తీసిన చోట పెట్టే కృత్రిమ కన్ను ఈ రోజుల్లో అసలు కన్నులాగే కనిపిస్తుంది, పిల్లలు ఆ కంటితోనే బడికి వెళుతున్నారు.

ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఆ ఫోటో ఉన్న ఫోనునే తీసుకువెళ్ళండి. వాట్సాప్‌లో పంపితే ఫోటో నాణ్యత తగ్గుతుంది. పాత ఫోటోలు చెరిపివేయకండి, తెలుపు ఎప్పటినుండి పడుతున్నదో వాటినుండి తెలుస్తుంది. అక్కడ బిడ్డ కంటిలో చుక్కలు వేసి, పాపను పెద్దది చేసి లోపల చూశారా అని అడగండి. ఆ చుక్కలు వెయ్యకుండా రెటీనా పూర్తిగా కనబడదు. చుక్కలు వేశాక కొన్ని గంటలపాటు బిడ్డకు వెలుగు గుచ్చుకుంటుంది, కనుక తిరుగు ప్రయాణంలో తలమీద కప్పడానికి ఒక తువ్వాలు దగ్గర ఉంచుకోండి.