కేసు ముగిసినా కట్ట బాధ్యత తీరదు

న్యాయవాది కార్యాలయంలోని కేసు కట్టలో మూడు రకాల కాగితాలుంటాయి. నరసరావుపేటలో ఏ భూమి దావా కట్ట విప్పినా ఇవి కనిపిస్తాయి. కక్షిదారు తెచ్చిన అసలు దస్తావేజు, పట్టాదారు పాస్‌పుస్తకం, అడంగల్ నకలు, ఆధార్ జిరాక్సు మొదటి రకం. దావా, జవాబు దావా, సాక్షుల వాంగ్మూలాలు, తీర్పు నకళ్లు రెండోవి. న్యాయవాది తన కోసం రాసుకున్న నోట్సు మూడోది. వీటన్నిటినీ ఒకే తాడుతో కట్టి అటక మీద పడేయడం దగ్గరే చిక్కు మొదలవుతుంది.

మొదటి రెండు రకాలూ కక్షిదారువే. ఫీజు బాకీ ఉందని వాటిని ఆపుకునే హక్కు న్యాయవాదికి లేదని ఆర్.డి.సక్సేనా కేసులో 2000లో సుప్రీంకోర్టు తేల్చింది. బాకీ వసూలుకు వేరే దారులున్నాయని, కాగితాలు ఆపితే వ్యాజ్యమే దెబ్బతింటుందని చెప్పి, ఫైళ్లు ఇవ్వకపోవడాన్ని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా పరిగణించింది.

మరి ఎన్నేళ్లు దాచాలి? బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు ఇన్నేళ్లని చెప్పవు. ఇంగ్లండ్‌లో చాలా సంస్థలు అక్కడి కాలపరిమితి చట్టాన్ని బట్టి ఆరేళ్లు ఉంచుతాయి. ఆ లెక్క ఇక్కడ చాలదు. ప్రోనోటు మీద దావాకు గడువు మూడేళ్లే అయినా, డిక్రీ వచ్చాక దాన్ని అమలు చేయించుకోవడానికి 1963 కాలపరిమితి చట్టం 12 ఏళ్లు ఇచ్చింది. పదకొండో ఏట అమలు పిటిషన్ (ఈపీ) వేయాలన్నా పాత కట్టే ఆధారం. శాశ్వత ఇంజంక్షన్ డిక్రీ అమలుకు అసలు గడువే లేదు. గట్టు తగాదాలో పొందిన ఉత్తర్వు వారసుల కాలంలోనూ అక్కరకొస్తుంది. పంపకం దావాలో ప్రిలిమినరీ డిక్రీతో పని అయిపోదు. ఫైనల్ డిక్రీ వచ్చి, వాటాలు చేతికందేదాకా కట్ట బతికే ఉంటుంది. మైనర్లున్న కేసులో వారు మేజర్లయ్యి మూడేళ్లు గడిచేదాకా ఆగాలి.

కోర్టులో రికార్డు ఉంటుందిగా అన్న ధీమా కూడా పనికిరాదు. గడువు తీరిన రికార్డును కోర్టులు 1917 నాటి చట్టం కింద హైకోర్టులు చేసిన నిబంధనల ప్రకారం తీసేస్తాయి. పైగా 30 ఏళ్లు నిండిన పత్రం, ఉండాల్సిన చోట నుంచి వస్తే, దానిలోని సంతకం నిజమైనదేనని కోర్టు భావించవచ్చు. అందుకే అసలు దస్తావేజులకు న్యాయవాది అటక కన్నా యజమాని ఇల్లే సరైన చోటు. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట ఉన్న పల్నాడు జిల్లా ఏర్పడక ముందటి పత్రాల్లో జిల్లా పేరు గుంటూరనే ఉంటుంది కాబట్టి, కట్ట పైన ఊరు, మండలం, సర్వే నంబరు కూడా రాసిపెడితే తర్వాతి తరానికి వెతుకులాట తప్పుతుంది.

వదిలించుకునేటప్పుడు గోప్యతే ముఖ్యం. భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ ప్రకారం కక్షిదారు చెప్పింది బయటపెట్టకూడదన్న కట్టుబాటు కేసు ముగిశాకా కొనసాగుతుంది, గుమాస్తాకూ వర్తిస్తుంది. పాత కాగితాలను కిలోల లెక్కన తూకానికి వేస్తే విడాకుల పిటిషనో, బ్యాంకు స్టేట్‌మెంటో కిరాణా కొట్లో పొట్లమై తేలుతుంది. ముక్కలు చేయడమో కాల్చడమో తప్ప వేరే దారి లేదు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు, కంప్యూటర్‌లోని స్కాన్‌లు కూడా కట్టలో భాగమే. అవసరం తీరిన వ్యక్తిగత సమాచారాన్ని చెరిపేయాలన్నది 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోని ఒక నిబంధన.

పద్ధతి కష్టమైందేమీ కాదు. కేసు ముగిసిన రోజే అసలు పత్రాలు తిరిగిచ్చి రిజిస్టరులో సంతకం తీసుకోవాలి. కోర్టులో దాఖలైనవి అప్పీలు గడువు దాటాక దరఖాస్తు పెట్టి వెనక్కి తీసుకోవాలి. కట్ట మీద తీసేయాల్సిన సంవత్సరం రాయాలి. ఆ ఏడు వచ్చాక కక్షిదారుకు ఉత్తరం రాసి, గడువిచ్చి, జవాబు రాకుంటేనే నాశనం చేసి, ఆ సంగతి రిజిస్టరులో నమోదు చేయాలి. సీనియర్ కన్నుమూస్తే కట్టలు ఎవరి చేతికి వెళ్లాలో ముందే రాసిపెట్టాలి.

ఈ షరతులన్నీ వకాల్తా మీద సంతకం పెట్టించేటప్పుడే ఒక కాగితంపై కక్షిదారుకు ఇవ్వవచ్చు. నమూనా తయారుచేసి సభ్యులకు అందించే పని స్థానిక బార్ అసోసియేషన్లు చేపట్టాలి.