జవాను ఇంటి గట్టు

ఇవాళ డిసెంబరు 7, సాయుధ దళాల పతాక దినోత్సవం. ఆఫీసుల్లో, కాలేజీల్లో విరాళాల డబ్బా తిరుగుతుంది. చేతికందిన నోటేదో అందులో వేసి, చొక్కాకు చిన్న జెండా అంటించుకుంటాం. 1949 నుంచి వస్తున్న ఆనవాయితీ ఇది. ఆ డబ్బు యుద్ధాల్లో భర్తలను పోగొట్టుకున్న ఆడవాళ్లకు, కాలో చెయ్యో కోల్పోయి తిరిగొచ్చిన జవాన్లకు, మాజీ సైనికుల కుటుంబాలకు చేరుతుంది. కాబట్టి వేయండి. అనుకున్నదానికంటే ఇంకో నోటు ఎక్కువే వేయండి. కానీ సాయంత్రం చొక్కా విప్పి దండేనికి తగిలించేటప్పుడు, బాకీ కూడా తీరిపోయిందని మాత్రం అనుకోవద్దు. అసలు బాకీ మర్నాటి పొద్దున మొదలవుతుంది.

సైన్యంతో తెలుగు నేల బంధం నిన్న మొన్నటిది కాదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలటరీ మాధవరం అంటేనే జనం గుర్తుపడతారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ బిడ్డలను పంపిన ఊరది. సూర్యాపేట బిడ్డ, కోరుకొండ సైనిక పాఠశాల విద్యార్థి కల్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో నేలకొరిగారు. ఆ ఘర్షణలో దేశం 20 మందిని కోల్పోయింది. 2025 మేలో నియంత్రణ రేఖ దగ్గర ప్రాణమిచ్చిన అగ్నివీరుడు మురళీ నాయక్‌ది శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలంలోని కల్లితండా. ఈ పేర్లు మనకు తెలుసు. అంతిమయాత్రలు చూశాం, కళ్లు తుడుచుకున్నాం.

అంతగా గుర్తు లేని పేరు ఒకటుంది. అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లెకు చెందిన ముస్తాక్ అహ్మద్. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో, దాదాపు 19,600 అడుగుల ఎత్తున ఉన్న సోనమ్ పోస్టు మీద మంచు కొండచరియ విరుచుకుపడింది. మద్రాస్ రెజిమెంటుకు చెందిన పది మంది దాని కింద ఉండిపోయారు. వాళ్లలో ముస్తాక్ ఒకరు. ఆరు రోజులు తవ్వగా కర్ణాటకకు చెందిన లాన్స్ నాయక్ హనుమంతప్ప ఒక్కరే కొనఊపిరితో దొరికారు. ఫిబ్రవరి 11న ఆయనా కన్నుమూశారు. ఆ రోజు అక్కడ శత్రువు లేడు, తూటా పేలలేదు. 1984 నుంచి సియాచిన్ మీద మన సైన్యం ఉంది. తూటాలకంటే చలికీ, మంచుకూ పోయినవారే అక్కడ ఎక్కువ. ఆ పది మందీ చేసింది ఒక్కటే. తమకు అప్పగించిన చోటు విడిచిపెట్టలేదు, అంతే. చూసేవాళ్లు లేరు, చప్పట్లు కొట్టేవాళ్లు లేరు, పక్కవాడు తప్ప పలకరించేవాళ్లు లేరు.

సైనికుడి చావును మనం గొప్పగా పొగుడుతాం. బతుకును మాత్రం పెద్దగా పట్టించుకోం. చావు ఒక క్షణం. బతుకు పదిహేనేళ్లో ఇరవై ఏళ్లో. ఆ ఏళ్లలో ఎక్కువ భాగం ఎవరూ చూడని చోట, ఎవరూ మెచ్చుకోని పనిని వంతు తప్పకుండా చేయడమే. అర్ధరాత్రి పహరా వంతు వస్తే లేవాలి. చలి ఎముకలు కొరుకుతున్నా నిలబడాలి. మనం అంజలి ఘటించేది ఆ ఆఖరి క్షణానికి. మన చేతనైనంతలో అనుసరించగలిగేది మాత్రం ఆ మామూలు రోజులను. అమరుడికి పౌరుడు ఇవ్వగలిగిన నిజమైన నివాళి ఇదేనని ఈ పత్రిక నమ్మకం. దీన్ని విగ్రహాలతో, ఫ్లెక్సీలతో, స్టేటస్‌లతో భర్తీ చేయలేం.

ఓ సాయంత్రం ఒక పట్టణంలో నాలుగు రోడ్ల కూడలి దగ్గర చూసిన దృశ్యం చెప్పుకోవాలి. మధ్యలో జవాను విగ్రహం. మెడలో ఎండిపోయిన బంతిపూల దండ. బండి మీద ఒక యువకుడు రాంగ్ రూట్‌లో వస్తున్నాడు. వెనక భార్య, ముందు ట్యాంకు మీద నాలుగేళ్ల పాప. ఎవరి తలకూ హెల్మెట్ లేదు. విగ్రహం ముందుకు రాగానే, గుడి దాటేటప్పుడు పెట్టుకుంటామే, అలా కుడిచేత్తో గుండెను తాకి నుదుటికి ఆనించుకున్నాడు. పాప చేత కూడా దండం పెట్టించాడు. ఎదురుగా సరైన దారిలో రోడ్డు దాటుతున్న ముసలమ్మ చేతిలో కూరగాయల సంచీతో గభాలున వెనక్కి తగ్గింది. అతను చూసుకోలేదు. ఆ దండంలో కల్మషం లేదు, ఆ భక్తి నిజమైనదే. అందుకే మనసు కలుక్కుమంది.

కార్గిల్‌లో రెండు నెలలకు పైగా సాగిన యుద్ధంలో మనం పోగొట్టుకున్నవారు 527 మంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలు బలిగొన్నవారు 1,68,491 మంది. రోజుకు 460 మందికి పైమాటే. అంటే ఒక యుద్ధం తీసుకున్నన్ని ప్రాణాలు తీయడానికి మన రోడ్లకు రోజున్నర కూడా పట్టడం లేదు. ఆ ఏడాది పోయినవారిలో 50 వేల మందికి పైగా హెల్మెట్ పెట్టుకోనివారే. సెలవు మీద ఇంటికొచ్చిన జవాను బండి ప్రమాదంలో పోయాడన్న వార్త జిల్లా పేజీలు దిద్దేవారికి కొత్తది కాదు. సరిహద్దులో బతికి బట్టకట్టి, తల్లి చేతి అన్నం తినడానికి వచ్చినవాడు ఊరి మలుపులో పోయాడని రాయాల్సి వచ్చినప్పుడు మా డెస్కులో ఎవరికీ చెయ్యి ఆడదు.

హెల్మెట్‌నూ ప్రాణత్యాగాన్నీ ఒకే గాటన కట్టడం ఏమిటని అడిగేవారుంటారు. రెండూ ఒకటని మేం అనడం లేదు. ఆ త్యాగానికి సమానమైనదేదీ మన దగ్గర లేదు, ఉండదు. కానీ జవాను సరిహద్దులో కాపలా కాస్తున్నది దేనికో ఒకసారి ఆలోచించండి. పటం మీది గీత కోసం మాత్రమే కాదు. ఆ గీతకు ఇవతల పిల్లలు బడికి వెళ్లి సాయంత్రానికి క్షేమంగా ఇంటికి రావాలని. ఆ మామూలు రోజును అతను ప్రాణం పెట్టి కాపాడి మన చేతిలో పెడుతున్నాడు. దాన్ని మనమే రోడ్డు మీద పారేసుకుంటే అతని కాపలాకు విలువ ఇచ్చినట్టా?

రైలులోనూ ఇదే మాట. జమ్మూ నుంచో గువాహటి నుంచో రెండు రోజులు ప్రయాణం చేసి వచ్చే జవానుకు సెలవు చివరి నిమిషంలో మంజూరవుతుంది, బెర్తు దొరకదు. పేరు రాసిన నల్ల ట్రంకు పెట్టె తలుపు దగ్గర పెట్టుకుని, దాని మీదే కూర్చుని నిద్రపోయేవారిని మనలో చాలామందిమి చూసే ఉంటాం. కాస్త జరిగి చోటిస్తే అదొక నమస్కారం. 2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో తగలబడినవి అలాంటి జవాన్లను ఇంటికి చేర్చే రైలు పెట్టెలే. తగలబెట్టినవారిలో తెల్లవారుజామున మైదానాల్లో పరుగెత్తి సైన్యంలో చేరాలని కలలు కన్నవారున్నారు. అగ్నిపథ్ సైనిక నియామక పథకం మీద వారి ఆవేదనకు కారణాలున్నాయి. పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు పోయాడు, ఆ తల్లిదండ్రుల కడుపుకోత ఇంకా చల్లారి ఉండదు. అయినా చెప్పక తప్పదు. రాజ్యాంగం 51ఎ అధికరణంలో దేశ రక్షణకు పిలుపు వస్తే ముందుకు రావాలన్న విధి ఎక్కడుందో, ప్రజల ఆస్తిని కాపాడాలి, హింసను విడనాడాలి అన్న విధి కూడా అక్కడే ఉంది. ఒకటి పాటిస్తాం, రెండోది వదిలేస్తాం అంటే కుదరదు.

ఇక చేతిలోని ఫోను. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని పొట్టనబెట్టుకున్నారు. వారిలో పెళ్లయి వారం కూడా తిరగని నౌకాదళ అధికారి ఒకరు. పారాణి ఆరని ఆయన భార్య, తనకు న్యాయం కావాలనీ, అయితే ముస్లింల మీద, కాశ్మీరీల మీద ద్వేషం పెంచుకోవద్దనీ కోరింది. అంతే, ఫోన్లు పట్టుకున్న జనం ఆమె మీద విరుచుకుపడ్డారు. జాతీయ మహిళా కమిషన్ కలగజేసుకుని తప్పని చెప్పాల్సి వచ్చింది. అమరుడి ఫోటోను డీపీగా పెట్టుకున్న చేత్తోనే అతని భార్యను తిట్టగలగడం ఎలాంటి దేశభక్తో మాకు అర్థం కాదు. ఆ తర్వాత మే నెలలో పాకిస్తాన్‌తో ఘర్షణ జరిగిన రాత్రుల్లో వీడియో గేముల బొమ్మలను, ఎప్పటివో పాత దృశ్యాలను యుద్ధమంటూ ఎంతమంది పంచుకున్నారో గుర్తు చేసుకోండి. సైనిక కదలికలను ప్రత్యక్ష ప్రసారం చేయవద్దని కేంద్రం ముందే హెచ్చరించింది. ఆ హెచ్చరిక టీవీలకు ఎంతో ప్రతి ఫోనుకూ అంతే. మీ ఊరి గేటు దగ్గర ట్యాంకులు ఎక్కించిన రైలు ఆగితే చెయ్యి ఊపండి, నీళ్ల సీసాలు అందించండి. వీడియో తీసి స్టేటస్ పెట్టకండి. తెలియని వార్తను మన దగ్గరే ఆపేయడం ఆ రాత్రికి మనం కాసే పహరా.

ఓటు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. సరిహద్దులో ఉన్నవారికి బ్యాలెట్ కంప్యూటర్‌లో వస్తుంది. దాన్ని అచ్చు తీసి, గుర్తు పెట్టి, కవరులో పెట్టి తపాలాలో పంపాలి. ఇంత చేసి వాళ్లు ఓటు వేస్తుంటే, 2024 లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాద్ నియోజకవర్గంలో పోలింగ్ 50 శాతానికి చేరలేదు. పోలింగ్ రోజున సెలవు ఇచ్చారు, పోలింగ్ బూత్ వీధి చివరే ఉంది.

అన్నిటికంటే మమ్మల్ని బాధపెట్టేది వేరే ఉంది. మా విలేకరి ఒకరు ఒక మండల రెవెన్యూ కార్యాలయం నుంచి ఒక ఫోటో తెచ్చారు. వరండాలో బల్ల మీద అరవై దాటిన రైతు. ఒళ్లో ప్లాస్టిక్ కవరు. అందులో పాసు పుస్తకం జిరాక్సు, కొడుకు సైనిక గుర్తింపు కార్డు జిరాక్సు, కొడుకు యూనిట్ అధికారి కలెక్టర్‌కు రాసిన ఉత్తరం నకలు. ఆ ఉత్తరం మడతల దగ్గర చిరిగిపోతే టేపు అంటించారు. సమస్య పెద్దదేం కాదు. పక్క పొలం ఆసామి దుక్కి దున్నినప్పుడల్లా గట్టును ఒక సాలు చొప్పున కోసుకుంటూ వచ్చాడు. ఇప్పుడు హద్దు రాయి కూడా కనిపించడం లేదు. సర్వేయరు వచ్చి కొలవాలి. "మావోడు ఉంటే ఎవడూ గట్టు ముట్టుకోడు సారూ. లేడని తెలిసే జరుపుతుండ్రు. వాడు ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతడు, కొలిచిండ్రా నాయినా అని. రేపు కొలుస్తరంట బిడ్డా అని చెప్తున్న. ఆడ తుపాకి పట్టుకున్నోనికి ఈ ఇసారం ఎందుకు పెట్టాలె?" అన్నాడాయన.

దేశం హద్దు కాసేవాడి పొలం హద్దును ఊళ్లో చెరిపేస్తున్నాం. ఇంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకేం ఉంటుంది? ఆ గట్టు కోసినది పాకిస్తానూ కాదు, చైనా కూడా కాదు. పతాక దినం నాడు బహుశా డబ్బాలో నోటు వేసే మనిషే. అంతిమయాత్ర జరిగితే పూలు చల్లడానికి ముందు నిలబడే మనిషే. ఫైలు కదలాలంటే చెయ్యి తడపాలన్న వ్యక్తి బల్ల మీద కూడా ఈ రోజు చిన్న జెండా ఉండి ఉంటుంది.

విధుల్లో ఉన్న సైనికుడికి కోర్టుల్లో అన్యాయం జరగకూడదని బ్రిటిష్ ప్రభుత్వమే 1925లో ఒక చట్టం చేసింది. ప్రత్యేక పరిస్థితుల్లో పనిచేస్తున్న సైనికుడి తరఫున వాదించే దిక్కు లేకపోతే అతని కేసును కోర్టు ఆపి ఉంచాలి. అతను లేని సమయం చూసి అతని మీద గెలవకూడదన్నది అందులోని నీతి. ఆ నీతి కోర్టు గుమ్మం దాటి మన ఊరి చావడికి, మండల ఆఫీసుకు ఎందుకు రాకూడదు?

ఇది చేయడానికి కొత్త పథకం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. జిల్లాల్లో సైనిక సంక్షేమ అధికారులు ఉన్నారు. తమ పరిధిలో, విధుల్లో ఉన్న సైనికుల కుటుంబాలు, అమరుల కుటుంబాలు పెట్టుకున్న భూమి అర్జీలు ఎన్ని, ఎన్నాళ్లుగా ఉన్నాయన్న జాబితా వారు ఈ నెలలోనే కలెక్టర్ ముందు పెట్టాలి. సోమవారం నాటి ప్రజల అర్జీల వేదికలో ముందుగా పిలవాల్సింది వాళ్లనే. వచ్చే నెల 26న గణతంత్ర దినోత్సవ వేదికల మీద వీరమాతలకు శాలువాలు కప్పే ముందు, ఆ తల్లుల అర్జీ ఏదైనా తన ఆఫీసులో మూలుగుతోందేమో ప్రతి కలెక్టర్ ఒకసారి చూసుకోవాలి. ఉంటే శాలువా ఆగినా ఫర్వాలేదు, ముందు ఆ సంతకం చేయాలి. పక్క పొలం ఆసామికి మాత్రం సర్వేయరు వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. ఏ సాలు తనదో, ఏది కాదో అతనికి తెలుసు. గునపం పట్టుకుని పొద్దున్నే వెళ్లి, పీకేసిన రాయిని మళ్లీ దాని చోట పాతి, ఆ పెద్దాయనను పిలిచి చూపించవచ్చు. అప్పుడు ఆ తండ్రి కొడుకుకు ఫోన్ చేసి, ఈసారి అబద్ధం చెప్పకుండా, రాయి మళ్ల పాతిండ్రు బిడ్డా అనగలుగుతాడు.