ఉస్తాదుగారి బెత్తము

మార్కాపురము పలకలపై దేశమందలి బాలురెందఱో తొలి యక్షరములు దిద్దుకొనిరి. ఆ సీమలోనే, మార్కాపురము, కంభము, గిద్దలూరు మసీదులలో అరబ్బీ నేర్పు ఉస్తాదు పసి హృదయముల పలకలపై నేమి వ్రాయుచున్నాఁడో విచారించుట పెద్దల విధి.

“పాఠము తప్పులేక యప్పగించినఁ జాలును; శీలము తానే వచ్చు”నని కొందఱందురు. ఇది భ్రమ. బాలబాలికలు మొదట కంఠస్థము చేయునది అమ్మపారా యనఁబడు 30వ భాగము. అందలి 83వ సూరా తూకమున మోసగించువానిని గర్హించుచున్నది. 107వ సూరా అనాథను గెంటివేయువానిని నిందించుచున్నది. ఈ భావ మెఱుఁగని బాలుఁడు సంతలో తక్కువ తూఁచుటకు సిగ్గుపడునా? దూదేకుల యిండ్లలో వినఁబడునది తెలుఁగు. ఇంటి భాషలో అర్థము చెప్పిన అరబ్బీ గౌరవమునకు లోపమేమి? చిలుకూరి నారాయణరావుగారు ఖురానును తెనిఁగించి యెన్ని దశాబ్దములు గడచినవి!

ఇఁక బెత్తము. దెబ్బ లేనిదే బుద్ధి రాదనువారు 1377లో ఇబ్ను ఖల్దూను రచించిన ముఖద్దిమాను జూతురుగాక. కఠినశిక్షకు గుఱియైన బాలుఁ డుత్సాహము గోల్పోవుననియు, భయముచేఁ గల్లలాడ నేర్చుననియు, కపటమే వానికి స్వభావమగుననియు ఆయన హెచ్చరించెను. అంతకుముందే గజాలీ, గురువు శిష్యులను కన్నబిడ్డలవలెఁ జూడవలెననియు, తప్పును బయటఁ బెట్టక సూచనగా దయతో మాన్పింపవలెననియు విధించెను. మఱి యీ బెత్త మెవరి సంప్రదాయము?

2009 నాఁటి విద్యాహక్కు చట్టము బడులలో దేహదండనమును నిషేధించినది. 2012లోని సవరణము మదరసాలను, వేదపాఠశాలలను ఆ చట్టపు పరిధినుండి తొలఁగించినది. చట్టము చేరనిచోట ధర్మమే కావలి యుండవలెను.

అయినను నింద యంతయు ఉస్తాదుపై మోపుట న్యాయము గాదు. పెండ్లివిందులకు లెక్కలేక వెచ్చించి, ఉస్తాదు జీతమునొద్ద బేరమాడు పెద్దలారా! కడుపు నిండని గురువు ఓర్పు నెట్లు నేర్పఁగలఁడు? ఆయనకుఁ దగిన వేతన మిండు. పిమ్మట ఆయన నడవడిని నిర్భయముగా విచారింపుఁడు. వేళకు వచ్చునా? ధనికుని బిడ్డను, పలకల గనిలో కూలిచేయువాని బిడ్డను ఒకే చాపపైఁ గూర్చుండఁబెట్టునా? తాను పొరపడినపుడు శిష్యుల యెదుట ఒప్పుకొనునా? బాలుఁడు సూరాను నోటితో నేర్చును. శీలమును గురువును జూచియే నేర్చును.

పలకపై వ్రాఁత తడిగుడ్డతోఁ బోవును. పసిమనసుపై పడిన దెబ్బ పోదు.