పడవెక్కేముందు బుర్ర తగిలించుకోండి

నీళ్ళసీసా పెట్టుకోడానికి ఓ గూడు. దానిమీద ఇంత రాయాలా అని మీకనిపించొచ్చు. రెండేళ్ళ క్రితం దాకా నాకూ అలాగే అనిపించేది. ఓ ప్లాస్టిక్ గిన్నె, నాలుగు మరలు, పదిహేను నిముషాల పని. ఆ పదిహేను నిముషాల పని పుణ్యమా అని నేనూ మా మిత్రుడూ హుస్సేన్‌సాగర్ నీళ్ళ రుచి చూశాం. వివరంగా చెప్పను, మీరు భోంచేసే టైమేమో :)

ముందు నా పరిచయం. మాది గుమ్మలక్ష్మీపురం. పార్వతీపురం నుంచి కురుపాం మీదుగా కొండల్లోకి వెళ్ళాలి. నా చిన్నప్పుడు విజయనగరం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. చుట్టూ కొండలు, గెడ్డలు, జీడితోటలు, సవర, జాతాపు గూడేలు. తెరచాప పడవకీ మా ఊరికీ సంబంధం ఏమిటంటే... బోడిగుండుకీ మోకాలికీ ఉన్నంతే. అలాగే అనుకునేవాణ్ణి. ఉద్యోగం హైదరాబాదులో. శనాదివారాలు కూడా కంప్యూటర్ ముందే కూచుంటే నడుం పోతుందని మిత్రుడొకడు నన్ను సెయిలింగ్‌లోకి లాగాడు. వాడి దగ్గర ఓ పాత ఎంటర్‌ప్రైజ్ ఉంది. మనకి ఎంటర్‌ప్రైజ్ అనగానే జావా గుర్తొస్తుంది గానీ, ఇది 1956లో జాక్ హోల్ట్ అనే ఆయన డిజైన్ చేసిన ఇద్దరు మనుషుల పడవ. పొడవు నాలుగు మీటర్ల పైచిలుకు, అంతే.

ఇంత చిన్న పడవలో సీసా ఎక్కడ పెట్టినా ఒకటే సమస్య. గాలికి పడవ ఓ పక్కకి ఒరుగుతుంది, సీసా ఆ పక్కకి దొర్లిపోతుంది. మనం మాత్రం బరువు సరిచెయ్యడానికి ఎదురు పక్కన కూచుని ఉంటాం. ఒక చెయ్యి చుక్కాని కర్ర మీద, రెండో చెయ్యి తెరచాప తాడు మీద. ఇహ సీసా ఎవడు తెస్తాడు? ఎవడూ తేడు. ఓ ఏప్రిల్ ఆదివారం సరిగ్గా అలాగే రెండు గంటలు నీళ్ళు తాగకుండా తిరిగాం. ఒడ్డుకొచ్చేసరికి మావాడికి కళ్ళు తిరిగి వాంతయింది. కాళ్ళ దగ్గర రెండు లీటర్ల నీళ్ళున్నాయి, అయినా వడదెబ్బ!

దాంతో నాలోని ఇంజనీరు మేలుకున్నాడు. బజారుకెళ్ళి కారులో పెట్టుకునే కప్పు హోల్డరొకటి కొని, మేం కూచునే చోటికి దగ్గర్లో, పడవ పక్కన నాలుగు మరలతో బిగించేశాను. వేరే ప్రాజెక్టులో పనిచేసిందని కోడు కాపీ కొట్టి అతికించినట్టన్నమాట. కారు ఒరగదు, పడవ ఒరుగుతుంది. కారులో చుట్టూ తాళ్ళుండవు, పడవలో అడుగడుక్కీ తాడే. ఈ రెండు ముక్కలూ నాకు తట్టలేదు.

మూడో వారం వెనకనుంచి గాలి వస్తుండగా జైబ్ చేశాం, అంటే తెరచాపని ఒక్కసారిగా ఇటునుంచి అటు తిప్పాం. తెరచాప తాడు వెళ్ళి సదరు హోల్డరు చెవికి తగులుకుంది. తాడు వదిలినా చాప వదల్లేదు. పడవ బోల్తా. మావాడు చాప కింద పడ్డాడు. లైఫ్‌జాకెట్ ఉంది, ఐదారు సెకన్లలో బయటికొచ్చాడు. కానీ ఆ ఐదారు సెకన్లు నాకిప్పటికీ గుర్తున్నాయి. పడవ నిలబెట్టాక ఇంకో సంగతి బయటపడింది. నేను మరలు దింపింది గాలి పెట్టెలోకి. పడవ మునగకుండా తేల్చేది ఆ మూసిన పెట్టే. మరల సందుల్లోంచి దాంట్లోకి నీళ్ళెక్కి, పడవ ఓ పక్కకి వాలిపోయింది. చివరికి రెస్క్యూ బోటు వచ్చి లాక్కెళ్ళింది. తప్పు తయారీదారుదీ కాదు, అమ్మినవాడిదీ కాదు. నూటికి నూరుపాళ్ళూ నాదే.

ఆ సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు టీ కొట్టు దగ్గర ఈ కథంతా చెప్తుంటే, మా నాన్నకి బాగా తెలిసిన ఓ సవర తాత విని పడీపడీ నవ్వాడు. తర్వాత అన్నాడు: "పని సేసినప్పుడు అడ్డు రాకూడదు బాబూ, దాహమేసినప్పుడు సెయ్యి ఎతకకూడదు. అంతే గదా." ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఇంత శుభ్రమైన రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ నేను చూళ్ళేదు.

ఆయన చెప్పింది ఆనపబుర్ర గురించి. బాగా ముదిరి ఎండిన ఆనపకాయ లోపలి గుజ్జంతా తీసేసి, మెడకి తాడు కట్టి, భుజానికి వేసుకుని పోడుకి వెళ్ళేవాళ్ళు. అందులో నీళ్ళో, చోడంబలో. పోడు కొండ మామూలు వాలు కాదు, మా పడవ ఒరిగేదానికంటే ఎక్కువే. బుర్ర మాత్రం ఎప్పుడూ నిటారుగా వేలాడుతుంది. రెండు చేతులూ ఖాళీ. మెడ సన్నం, కాబట్టి తొణకదు. ఏమాటకామాటే, బుర్ర రాయి మీద పడితే పగులుతుంది, సరిగ్గా కడగకపోతే వాసనొస్తుంది. అది గొప్ప వస్తువని కాదు నేననేది. దాన్ని మోసిన పద్ధతి గొప్పది. ఎక్కడా ఒక్క చిల్లు పెట్టలేదు. వేలాడదీశారు. ఇంట్లో ఉట్టి, భుజం మీద కావడి, అన్నిటిదీ ఆ సూత్రమే.

పెద్ద పడవలవాళ్ళు డబ్బు పోసి కొనే గింబల్ హోల్డరు కూడా ఉట్టికి చుట్టమే. ఇరుసు మీద ఊగే రింగు, పడవ ఎంత ఒరిగినా కప్పు నిటారుగా ఉంటుంది. కాకపోతే బరువు ఇరుసుకి కిందుగా ఉండాలి, ఊగడానికి రెండు పక్కలా ఖాళీ ఉండాలి. పొడుగాటి సీసాని పొట్టి రింగులో పెడితే అది తలకిందులవడానికే చూస్తుంది. క్యాబిన్ ఉన్న పడవలో మూతలేని టీ కప్పుకి ఇది బాగుంటుంది. మనలాంటి చిన్న పడవకి గింబల్ దండగ. మూత బిగించిన సీసా నిటారుగా ఉంటేనేం, పడుకుంటేనేం?

చిన్న పడవకి నా అభిప్రాయం ఇదీ. ముందు చోటు. గాలిని బట్టి ఇటూ అటూ మారి కూచుంటాం కాబట్టి సీసా పడవ మధ్యలో, సెంటర్‌బోర్డు పెట్టె పక్కన ఉండాలి. ఎటు కూచున్నా చెయ్యి అందుతుంది. తెరచాప తాడు తిరిగే దారిలో మాత్రం ఏదీ పొడుచుకుని ఉండకూడదు. తర్వాత బిగింపు. ఉన్న కొక్కేలకే ఓ సాగే తాడు కట్టి సీసాని దాని కింద దూరిస్తే చాలు. సీసా మెడకి ఇంకో పొట్టి తాడు, చెయ్యి ఇరుక్కునేంత పెద్ద ఉచ్చు లేకుండా. నిండా నీళ్ళున్న పల్చటి స్టీలు సీసా జారిపడితే మునుగుతుంది. పైన కాస్త గాలి వదిలిన ప్లాస్టిక్‌ది తేలుతుంది.

చిల్లు పెట్టక తప్పదంటారా? అవతల ఏముందో చూడకుండా డ్రిల్లు ముట్టుకోవద్దు. గాలి పెట్టె జోలికి అసలు పోవద్దు. చాలా ఫైబర్ పడవల డెక్కు రెండు పొరల మధ్య బాల్సా చెక్కో, నురుగో ఉంటుంది. బాల్సాలోకి నీళ్ళు దిగితే లోపలే కుళ్ళుతుంది, పైకి కనిపించదు. అందుకని కావలసినదానికంటే పెద్ద చిల్లు పెట్టి, ఎపాక్సీతో నింపి, ఎండాక దాని మధ్యలో అసలు చిల్లు పెట్టాలి. వెనకవైపు వెడల్పు వాషర్లు, చుట్టూ సీలెంటు. అయస్కాంతం ఉన్న హోల్డర్లయితే దిక్సూచికి దూరంగా పెట్టండి. ఇంత పనీ ఒక సీసా కోసం. తాడు కట్టడమే నయం కదూ?

మా ఎంటర్‌ప్రైజ్‌కి ఇప్పుడున్నది రెండు మూరల సాగే తాడు మాత్రమే. పాత చిల్లులు పూడ్చేశాను, మచ్చలు ఉన్నాయి. ఉండనీండి, చూసినప్పుడల్లా బుద్ధొస్తుంది.

అన్నట్టు, ఓ బుర్ర కొనుక్కుందామని ఆ పండక్కి సంతంతా తిరిగాను. దొరకలేదు. తాత భుజానికి కూడా ఇప్పుడు బుర్ర లేదు, రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా ఉంది. తాడు మాత్రం అలాగే కట్టుకున్నాడు. వస్తువు మారిపోయినా ఆయన పద్ధతి వదల్లేదు. నేను వస్తువు కొన్నాను, పద్ధతి తెలీక పడవ ముంచాను. ఎవరి బుర్ర పనిచేసినట్టో మీరే చెప్పండి.